రెండేళ్ళే ఉంటాం, టొరినోలో ఇటాలియన్ నేర్చుకోవడం అవసరమా? ఇల్లు అసలు కుదురుకోవట్లేదు

బెజవాడ_టు_టొరినో
మావారికి ఇక్కడ కార్ల డిజైన్ కంపెనీలో రెండేళ్ళ కాంట్రాక్టు. ఆయనకి ఆఫీసులో అంతా ఇంగ్లీషే కాబట్టి బాధ లేదు. బయటి పనులన్నీ నా నెత్తిన పడ్డాయి. పోస్టాఫీసు, డాక్టరు, చెత్త డబ్బాలు, ఇంటి ఓనరు, ఎక్కడికెళ్ళినా ఇటాలియనే. నిన్న సాయంత్రం కుక్కర్లో అన్నం పెట్టి, వాషింగ్ మెషీన్ వేసి, ఇండక్షన్ మీద సాంబారు పెట్టానో లేదో టప్‌మని కరెంటు పోయింది. మా ఒక్క ఇంట్లోనే! పక్కింటి టీవీ హాయిగా మోగుతోంది. మీటరు కింద సెల్లార్లో ఉందట, దాని తాళం ఓనరు దగ్గరట. ఆయన తీరిగ్గా వచ్చేదాకా చీకట్లో కూర్చున్నాం.

ఇది చాలదన్నట్టు మాకు రావాల్సిన రిజిస్టర్డ్ ఉత్తరం "ఈ పేరుతో ఇక్కడెవరూ లేరు" అని తిరిగి వెళ్ళిపోయింది. మధ్యాహ్నం ఏదైనా కొందామని బయల్దేరితే సగం షాపులకి షట్టర్లు.

అసలు ప్రశ్న ఏంటంటే, రెండేళ్ళ కోసం ఈ భాష నేర్చుకోవాలా? మావారు "ఫోన్లో ట్రాన్స్‌లేటర్ ఉందిగా, ఎందుకు టైం దండగ" అంటున్నారు. ఇక్కడున్నవాళ్ళు ఉన్నదున్నట్టు చెప్పండి.

మిలానో_మామ
అనవసరం. నేను మిలాన్‌లో ఏళ్ళ తరబడి ఉన్నా. బొంజోర్నో, గ్రాత్సియె, క్వాంతో కోస్తా. ఈ మూడింటితోనే బండి నడుస్తోంది. కుదిరితే మీరూ మిలాన్ వచ్చేయండి.

పప్పుచారు_పీహెచ్‌డీ
మిలాన్‌లో అద్దె నువ్వు కడతావా మామా?

మిలానో_మామ
నా అద్దెకే దిక్కు లేదు.

కరెంటు_కామయ్య
బెజవాడ గారూ, ముందు కరెంటు సంగతి. మీ ఇంట్లో లోపమేమీ లేదు. ఇటలీలో మామూలు ఇంటి కనెక్షన్ 3 కిలోవాట్లే. మీటరు ఇంకో పది శాతం ఓర్చుకుంటుంది, అంటే 3.3 వరకు. ఇండక్షన్ మీద ఒక పొయ్యి గట్టిగా పెడితే 2 కిలోవాట్లు. వాషింగ్ మెషీన్ నీళ్ళు కాగబెట్టుకునే సేపు ఇంకో 2. కుక్కరు ఓ అరకిలోవాటు. బాత్‌రూంలో కరెంటు గీజరు కూడా ఉంటే ఇక అడగక్కర్లేదు. మన దగ్గర ఇంత లోడుకి మీటరు కిక్కురుమనదు, ఇక్కడ ఊరుకోదు.

చేయాల్సినవి: సెల్లారు తాళం మారు చెవి ఓనర్ని అడిగి తీసుకోండి. మీటరు మీ ఇంటిది, చెవి మీ దగ్గర ఉండటం న్యాయం. మీటర్లో చిన్న మీట కిందికి పడి ఉంటుంది, లోడు తగ్గించి పైకి లేపితే చాలు. శాశ్వతంగా కావాలంటే కరెంటు కంపెనీకి చెప్పి 4.5 కిలోవాట్లకి పెంచుకోవచ్చు. 6 దాకా అరకిలోవాటు చొప్పున పెంచుతారు. సాధారణంగా ఇంటికి ఎవరూ రానక్కర్లేదు, అక్కణ్ణుంచే చేసేస్తారు. స్థిర చార్జీ కొద్దిగా పెరుగుతుంది. బిల్లు మీ పేరున లేకపోతే మాత్రం ఓనరే అడగాలి.

ఇంకోటి, బిల్లు మీద ఎఫ్1, ఎఫ్2, ఎఫ్3 అని ఉంటే చూడండి. సోమ నుంచి శుక్ర ఉదయం 8 నుంచి సాయంత్రం 7 దాకా ఎఫ్1. రాత్రి 11 తర్వాత, ఆదివారం అంతా ఎఫ్3. మీ ప్లాన్ సమయాన్ని బట్టి రేటు వేసేదైతే బట్టలు ఆదివారం ఉతకండి.

పప్పుచారు_పీహెచ్‌డీ
రాత్రి 11కి మెషీన్ వేయమని మాత్రం ఈయన మాట వినకండి. కింది ఇంటి ముసలాయన చీపురు కర్రతో సీలింగ్ పొడుస్తాడు. మా అపార్ట్‌మెంట్ నిబంధనల్లో మధ్యాహ్నం భోజనం తర్వాత కూడా నిశ్శబ్దం పాటించాలని రాసి ఉంది. మిక్సీ వేసుకోవడానికి నాకు మిగిలింది పొద్దున ఓ గంట, సాయంత్రం ఓ గంట. కొబ్బరి పచ్చడికి టైంటేబుల్ పెట్టుకున్నా.

సింగరేణి_శ్రీను
అక్కా, ఉత్తరం ముచ్చట నేను చెప్త. ఈడ అడ్రసుల ఫ్లాట్ నంబరు రాసే అలవాటు తక్కువ. వీధి పేరు, బిల్డింగ్ నంబరు, గంతే. గేటు కాడ బెల్లుల మీద ఇంటిపేర్లుంటయ్, లోపల పోస్టు డబ్బాల మీద కూడా పేర్లుంటయ్. అండ్ల నీ పేరు లేకుంటే ఆ ఇంట్ల నువ్వు లేనట్టే. ఇంకా పాత కిరాయిదారు పేరే ఉన్నట్టుంది, జెర పోయి చూడు. కాయితం మీద రాసి టేపుతోని అంటిస్తే అయిపాయె.

పాస్‌పోర్టుల ఇంటిపేరు ఎట్లుంటే గట్లనే రాయి. నీది, బావది వేరే వేరే ఉంటే రెండూ రాయి. ఈడ పెండ్లయినా కాయితాలల్ల ఆడోళ్ళ ఇంటిపేరు మారది, వింతగ ఎవ్వరూ చూడరు.

నువ్వు ఇంట్ల లేనప్పుడు వస్తే చీటీ వేసి పోతడు. రిజిస్టర్డ్ ఉత్తరం పోస్టాఫీసుల 30 రోజులుంటది, చీటీ, పాస్‌పోర్టు పట్టుకొని పోయి తెచ్చుకోవాలె. ఆ చీటీని మాత్రం పారెయ్యకు తల్లీ. పర్మిట్లు చూసే పోలీసు ఆఫీసు, క్వెస్తూరా అంటరు, అండ్లకెల్లి కూడా ఉత్తరం రావచ్చు.

బెజవాడ_టు_టొరినో
శ్రీను తమ్ముడూ, ఇప్పుడే కిందికి వెళ్ళి చూసొచ్చా. బెల్లు మీద ఎవరో "ఫెర్రేరో" అని ఉంది. చాక్లెట్ కంపెనీ వాళ్ళ ఇంట్లో ఉంటున్నాం అన్నమాట. పేరు అంటించేశా.

సింగరేణి_శ్రీను
గా పేరు మన టొరినో ఉన్న పియెమొంతె ప్రాంతంల శానా మందికుంటది అక్కా. చాక్లెట్లు రావు.

కోనసీమ_కోడలు
అసలు ప్రశ్న పక్కకి పోతోంది. నేర్చుకో అమ్మాయ్. మొహమాటం లేకుండా చెప్తున్నా. నేను ఇక్కడికి వచ్చి చాలా కాలమైంది, అప్పట్లో మాకూ "రెండేళ్ళే" అన్నారు.

ప్రైవేటు స్కూళ్ళకి డబ్బు తగలెయ్యకు. చీపియా అని ఉంటాయి, పెద్దవాళ్ళ కోసం ప్రభుత్వం నడిపే బళ్ళు. ఇటాలియన్ దాదాపు ఉచితం, చేరేటప్పుడు ఏదో నామమాత్రం కడతాం. సెప్టెంబర్లో చేర్చుకుంటారు, ముందు చిన్న పరీక్ష పెట్టి ఏ క్లాసో చెప్తారు. నా క్లాసులో మొరాకో, పెరూ, నైజీరియా ఆడవాళ్ళు. వాళ్ళందరికీ నాకున్న తిప్పలే. పిల్లాడి బడి ఫారం, డాక్టరు అపాయింట్‌మెంటు, హీటింగ్ బిల్లు. వ్యాకరణం కంటే ముందు అవే చెప్పింది టీచరమ్మ.

ఆ తర్వాత హోంవర్కు పోర్తా పలాత్సోలో చేసుకో. యూరప్‌లోకెల్లా పెద్ద బహిరంగ మార్కెట్లలో అదొకటి. మామూలు రోజుల్లో మధ్యాహ్నం దాకానే, శనివారం సాయంత్రం వరకు. కట్టేసే వేళకి వెళ్తే పెట్టెలకి పెట్టెలు వదిలించుకుంటారు. ధర అడుగు, బేరమాడు, "మొన్నటివి పుచ్చిపోయాయి" అని గొడవపడు. గొడవపడటం వచ్చిందంటే భాష వచ్చినట్టే. పుదీనా, కొత్తిమీర మొరాకో వాళ్ళ దగ్గర కట్టలు కట్టలు. బెండకాయలు, పచ్చిమిరపకాయలు, మినప్పప్పు అక్కడే చుట్టుపక్కల బంగ్లాదేశీ షాపుల్లో.

మిలానో_మామ
సరే, రెండేళ్ళలో ఎంత నేర్చుకుంటారు? సగం నేర్చుకునేసరికి హైదరాబాద్ ఫ్లైటు ఎక్కేస్తారు. ఆ సమయంలో ఆన్‌లైన్ కోర్సు ఏదైనా చేసుకుంటే రేపు ఇండియాలో ఉద్యోగానికి పనికొస్తుంది. నా మాట కఠినంగా ఉండొచ్చు, ఇది లెక్క.

కర్నూల్_కారం
మామ లెక్కలో ఒకటి మర్చిపోయినాడు. ఏడాది, అంతకంటే ఎక్కువ పర్మిట్‌తో మొదటిసారి వచ్చినోళ్ళతో ఇంటిగ్రేషన్ ఒప్పందం మీద సంతకం పెట్టించుకుంటారు. 16 క్రెడిట్లతో మొదలైతాది, రెండేళ్ళలో 30 కావల్ల. ఏ2 స్థాయి ఇటాలియన్, అంటే రోజువారీ పనులకి సరిపోయేంత, అందులో భాగం. కుటుంబ పర్మిట్ వాళ్ళకి దాని మీద పర్మిట్ తీసేయరు, ఉద్యోగం మీద వచ్చినోళ్ళు మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. అంటే నేర్చుకోవాల్సింది ముందు ఆయప్ప. ఏం సంతకం పెట్టినాడో ఒకసారి తీసి చూడమను.

నిజాంపేట_నాని
నేను పొలితెక్నికోలో మాస్టర్స్. క్లాసులు ఇంగ్లీషు, రూమ్మేట్లు మనవాళ్ళే, ఇటాలియన్ రాకుండానే మొదటి ఏడాది గడిచింది. మామకే నా ఓటు. కాకపోతే ఇల్లు వెతికేటప్పుడు మాత్రం చచ్చిపోయా బ్రో. ఇంగ్లీషులో మెసేజ్ పెడితే జవాబే రాదు, ఒక ఇటాలియన్ ఫ్రెండ్‌తో ఫోన్ చేయిస్తే అదే ఇల్లు ఖాళీగా ఉందన్నారు.

పప్పుచారు_పీహెచ్‌డీ
ఓటు మామకి, సాక్ష్యం కోడలు గారికి.

కోనసీమ_కోడలు
మిలానో మామగారూ, ఒక్క మాట అడుగుతా, నిజం చెప్పాలి. మీ ఇంట్లో డాక్టరుకి ఫోన్ చేసేదెవరు? పిల్లల బడికి వెళ్ళేదెవరు? ప్లంబర్ని పిలిచేదెవరు?

మిలానో_మామ
మీ అత్తయ్య.

సింగరేణి_శ్రీను
అయిపాయె 😂

పప్పుచారు_పీహెచ్‌డీ
మూడు మాటలతో నడిచే బండికి ఇంజను ఎక్కడుందో తెలిసిపోయింది.

మిలానో_మామ
నవ్వండి నవ్వండి. ఆవిడ చర్చి వాళ్ళు నడిపే క్లాసుకి వెళ్ళి నేర్చుకుంది. నేను వద్దనలేదు. నా వాదన అలాగే ఉంది: ఇంట్లో ఒకరికి వస్తే చాలు.

బెజవాడ_టు_టొరినో
ఆ ఒకరు ఎప్పుడూ ఆడవాళ్ళే ఎందుకవ్వాలి మామగారూ?

కోనసీమ_కోడలు
👏

ఆ_మావారిని_నేనే
కొత్త మెంబర్ని. పైన పరువు పోయినవాణ్ణి. మా ఆవిడ ఈ పేజీ తెరిచి నా ముందు పెట్టింది. సంతకం పెట్టిన కాగితం తీసి చూశా, కర్నూల్ అన్న చెప్పినట్టే 16 క్రెడిట్లు అని ఉంది. హెచ్‌ఆర్ అమ్మాయి ఎక్కడ పెట్టమంటే అక్కడ పెట్టేశా. కానీ ఉదయం ఎనిమిదిన్నర నుంచి ఆరున్నర దాకా ఆఫీసు, క్లాసుకి ఎప్పుడెళ్ళను?

కోనసీమ_కోడలు
సాయంత్రం క్లాసులు కూడా ఉంటాయి బాబూ. ఉద్యోగస్తుల కోసమే.

ఆ_మావారిని_నేనే
ఉంటాయని భయపడుతూనే అడిగా.

కర్నూల్_కారం
భయం ఇప్పుడేముంది, లైసెన్సు కాడికి రా. మన ఇండియా లైసెన్సు ఇక్కడ మార్చుకునేదానికి లేదు. రెసిదెన్సా వచ్చినాక ఏడాది వరకే, అదీ అంతర్జాతీయ పర్మిట్టో అనువాదమో జతపెట్టుకుని తోలొచ్చు. ఆ తర్వాత మొదటి నుంచి అంతా. థియరీ పరీక్ష 30 ప్రశ్నలు, 20 నిమిషాలు, నాలుగో తప్పు రాసినామంటే ఫెయిలు. ఇంగ్లీషులో ఉండదు. అన్నీ అవును కాదు ప్రశ్నలే గానీ ఒక్క "నోన్" (కాదు) కనపడకపోతే అర్థమే తిరగబడతాది. ఇరవై ఏళ్ళు లారీల మధ్యలో బండి తోలినోణ్ణి, ఇక్కడ రౌండబౌట్ బొమ్మ ముందు కూచోని చెమటలు కక్కినా. ఏ2 కూడా లేకుండా పొయ్యేవోళ్ళను చూసినా, ఫీజు దండగ.

నిజాంపేట_నాని
టొరినోలో కారెందుకు అన్నా? మెట్రో, ట్రాములు ఉన్నాయిగా.

కర్నూల్_కారం
పిల్లోళ్ళు పుట్టినాక అడుగు ఆ మాట. సమ్మె రోజు ఇంకా బాగా అడుగు.

కరెంటు_కామయ్య
సమ్మె అంటే గుర్తొచ్చింది, కొత్తవాళ్ళు కంగారు పడకండి. ముందే ప్రకటిస్తారు, చాలాసార్లు శుక్రవారమే. సమ్మెలో కూడా కొన్ని గంటలు బళ్ళు నడపాలని 1990 నాటి చట్టం. టొరినోలో సిటీ బస్సులకి, మెట్రోకి అవి ఉదయం 6 నుంచి 9, మధ్యాహ్నం 12 నుంచి 3. మన బంద్ లాగా అద్దాలు పగలవు.

బెజవాడ_టు_టొరినో
డాక్టరు సంగతి ఎవరూ చెప్పలేదు. మాది ఉద్యోగం, కుటుంబం పర్మిట్లు. ఇంకా కార్డు రాలేదు, రసీదు మాత్రం ఉంది.

కోనసీమ_కోడలు
రసీదు చాలు. మీ ఇద్దరికీ ఆరోగ్య సేవలో నమోదు హక్కు, డబ్బు కట్టక్కర్లేదు. మీ ప్రాంతపు ఏఎస్ఎల్ (ASL) ఆఫీసుకి వెళ్ళు, అదే ఆరోగ్య శాఖది. పాస్‌పోర్టు, రసీదు, కోదిచె ఫిస్కాలె (మన పాన్ నంబరు లాంటిది), ఇంటి అడ్రసు కాగితం పట్టుకెళ్తే జాబితాలోంచి ఒక డాక్టర్ని ఎంచుకోమంటారు. ఆయనే ఇక మీ డాక్టరు, చూసినందుకు ఫీజుండదు. ఇంటికి దగ్గరని కాకుండా సాయంత్రం గంటలు ఉన్నవాణ్ణి చూసుకో. రాత్రిపూట, సెలవు రోజుల్లో జ్వరం లాంటిదానికి 116117, ప్రాణం మీదికి వస్తే 112.

నిజాంపేట_నాని
మీకు ఉచితం. స్టూడెంట్లకి 2024 నుంచి ఏడాదికి 700 యూరోలు. అంతకుముందు 149 యూరోల చిల్లర ఉండేది. మా సీనియర్లు చెప్పుకుని మురిసిపోతారు.

పప్పుచారు_పీహెచ్‌డీ
కోదిచె ఫిస్కాలె అన్నారు కాబట్టి బెజవాడ గారికి ముందే చెప్పేస్తున్నా. ఆ 16 అక్షరాల్లో మీ పుట్టినరోజు తప్పుగా ఉందని పరిగెత్తకండి. ఆడవాళ్ళ తేదీకి 40 కలుపుతారు. 12న పుడితే 52 అని ఉంటుంది. చివర్లో జడ్222 అంటే ఇండియా. గుంటూరైనా గువాహటి అయినా అదే.

బెజవాడ_టు_టొరినో
అమ్మో, నిజంగానే రేపు వెళ్దామనుకుంటున్నా! అలాగే రెసిదెన్సా అంటే మళ్ళీ ఏంటి? పర్మిట్ వేరు, అది వేరా?

కరెంటు_కామయ్య
వేరు. పర్మిట్ దేశంలో ఉండటానికి, రెసిదెన్సా ఊరి రిజిస్టర్లో పేరుకి. కొమూనె, అంటే మునిసిపాలిటీ, వాళ్ళ అనాగ్రాఫె (జనాభా రిజిస్టర్ ఆఫీసు)లో ఇస్తారు, ఆన్‌లైన్ అప్లికేషన్ కూడా ఉంది. రిజిస్టరైన అద్దె కాంట్రాక్టు కావాలి. ఓనరు కాంట్రాక్టు రిజిస్టర్ చేయించకుండా చేతి కాగితంతో సరిపెడితే ఇక్కడే దొరికిపోతారు, కాబట్టి సంతకానికి ముందే అడగాలి. అప్లై చేశాక ఒక మునిసిపల్ పోలీసు మీరు నిజంగా అక్కడే ఉంటున్నారా అని చూడ్డానికి చెప్పకుండా రావచ్చు. 45 రోజుల్లో ఏ అభ్యంతరమూ రాకపోతే ఖాయమైనట్టే.

సింగరేణి_శ్రీను
మా ఇంటికి వచ్చినప్పుడు నేను లుంగీల ఉన్న. లోపటికి తొంగి చూసి, గోడకున్న బతుకమ్మ ఫొటో చూసి, "బెల్లో" (బాగుంది) అని పోయిండు.

ఆ_మావారిని_నేనే
ఇంత మంది ఇన్ని కష్టాలు చెప్పారు, ఇక్కడ ఒక్కటైనా మంచి లేదా?

పప్పుచారు_పీహెచ్‌డీ
ఉంది. బాత్‌రూంలో బిదే, అంటే కడుక్కోవడానికి కుళాయి ఉన్న బేసిన్. 1975 నాటి ఆరోగ్య శాఖ ఉత్తర్వు ప్రకారం ప్రతి ఇంట్లో ఉండి తీరాలి. జర్మనీలో, లండన్‌లో ఉన్న మన చుట్టాలు చెంబు పట్టుకుని తిరుగుతుంటే మనం రాజుల్లా ఉన్నాం.

కర్నూల్_కారం
ఈ ఒక్క పోస్టు పైన పిన్ చేయండి అడ్మిన్ గారూ.

కోనసీమ_కోడలు
వీధుల్లో పచ్చ రంగు ఎద్దు తల కుళాయిలు, తోరెత్ అంటారు, చల్లటి మంచినీళ్ళు ఎప్పుడూ కారుతూనే ఉంటాయి. బాటిళ్ళు కొనకండి. మబ్బు లేని రోజున వీధి చివర ఆల్ప్స్ కనపడతాయి. వాన పడితే పోర్తా నువోవా స్టేషన్ నుంచి చాలా దూరం గొడుగు లేకుండా పోర్టికోల (భవనాల ముందు కప్పున్న వరండాల) కిందే నడిచిపోవచ్చు. హీటర్లు మాత్రం అక్టోబరు 15 నుంచి ఏప్రిల్ 15 దాకానే, రోజుకి ఎక్కువలో ఎక్కువ 14 గంటలు. అక్టోబరు మొదట్లో స్వెటరుతో పడుకోవాలి, ఎవర్నడిగినా లాభం లేదు.

బెజవాడ_టు_టొరినో
ఉప్మా రవ్వకి ఏం వాడుతున్నారు? "సెమోలా" అని ఉన్నది కొంటే మెత్తటి పిండిలా ఉంది, ఉప్మా జిగురైపోయింది.

కోనసీమ_కోడలు
అది పాస్తా, రొట్టెల పిండి. నీకు కావాల్సింది సెమోలినో, సూప్‌కి వాడతారు, కాస్త గరుగ్గా ఉంటుంది. నెయ్యిలో బాగా వేయించు. దద్దోజనానికి, పొంగలికి ఒరిజినారియో బియ్యం తెచ్చుకో, గుండ్రంగా ఉండి మెత్తగా ఉడుకుతుంది. పెరుగు తోడుకి ఫ్రిజ్‌లో పెట్టి అమ్మే "ఫ్రెస్కో ఇంతేరో" (తాజా, వెన్న తీయని) పాలు తీసుకో.

మిలానో_మామ
ఇవన్నీ మా ఇంట్లో ఎలా దొరుకుతున్నాయో ఇప్పుడర్థమైంది.

పప్పుచారు_పీహెచ్‌డీ
మామా, నువ్వు నిజంగా ఇటలీలోనే ఉంటున్నావా?

నిజాంపేట_నాని
సైడ్ ప్రశ్న. నా పర్మిట్ రెన్యువల్‌లో ఉంది, చేతిలో రసీదు ఉంది. సంక్రాంతికి ఇంటికెళ్ళడానికి ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా చవగ్గా టికెట్ దొరికింది. బుక్ చేసేశా. రసీదుతో వెళ్ళొచ్చు కదా?

కర్నూల్_కారం
వెళ్ళొచ్చు, రావొచ్చు, కానీ ఫ్రాంక్‌ఫర్ట్ మీద కాదు. రెన్యువల్ రసీదుతో ఇటలీ సరిహద్దులోనే బయటికి పోవల్ల, ఇటలీలోనే లోపలికి రావల్ల. మధ్యలో వేరే షెంగెన్ దేశం, అంటే ఇటలీతో కలిపి ఒకే వీసా నడిచే యూరప్ దేశం, తగలకూడదు. మాల్పెన్సా నుంచి దోహా, దుబాయ్, అబుదాబి మీద చూసుకో. రసీదు అసలుది, పాత కార్డు, పాస్‌పోర్టు మూడూ చేతి సంచిలో పెట్టుకో.

నిజాంపేట_నాని
క్యాన్సిలేషన్ చార్జీ టికెట్ కంటే ఎక్కువుంది బ్రో.

కర్నూల్_కారం
ఎయిర్‌లైన్‌కి ఫోన్ చేసి అడుగు, ఒక్కోసారి రూటు మారుస్తారు.

నిజాంపేట_నాని
చేశా. ఇటలీ కాల్ సెంటర్‌కి కలిసింది. ఆమె ఏదో అడుగుతోంది, నాకు అర్థం కావట్లేదు. కోడలు అక్కా, ఆన్‌లైన్‌లో ఉన్నారా?